కుట్టు గీత ముందు, అంచు తర్వాత: జేబు చాకుకి తోలు ఒర

మడత చాకుకి ఒర అంటే చూడ్డానికి పెద్ద పనేం కాదు. తోలు ముక్క మడిచి, కింద ఒక కుట్టు, పక్కన ఒక కుట్టు వేస్తే అయిపోయినట్టే. కానీ అలా కుట్టిన వాటిలో సగం చాకుని లోపలికి రానివ్వవు. మిగతా సగం తలకిందులు చేయగానే చాకుని కింద పడేస్తాయి. ఈ రెంటికీ మధ్య తేడా రెండు మిల్లీమీటర్లు. ఆ రెండు మిల్లీమీటర్లనీ నిర్ణయించేది కుట్టు గీత. అందుకే మొదట గీయాల్సింది అంచు కాదు, కుట్టు. అంచు ఎక్కడ వస్తుందో ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఉదాహరణకి విక్టోరినాక్స్ స్పార్టన్ తీసుకుందాం. మన దగ్గర సులువుగా దొరికే చాకు, కొలతలు అందరికీ ఒకటే. మడిచినప్పుడు పొడవు 91 మి.మీ., వెడల్పు 26 నుంచి 27, మందం 15. అదే కుటుంబంలో కత్తెర ఉన్న క్లైంబర్‌కి పొడవు, వెడల్పు దాదాపు ఇవే, మందం మాత్రం 18. పక్కన పెట్టి చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి, కానీ ఒకదాని ఒర ఇంకోదానికి పట్టదు. ఒర కొలతలో అందరూ మర్చిపోయేది ఈ మందమే.

ఎందుకో చూడండి. తోలుని బల్ల మీద పరిచి, దాని మీద చాకు పెట్టి, చుట్టూ పెన్సిల్‌తో గీసి, కాస్త జాగా వదిలి కోస్తారు చాలామంది. అలా గీస్తే వచ్చేది 26 మి.మీ. వెడల్పు నీడ మాత్రమే. తోలు మాత్రం చాకు పక్కగా పైకెక్కి, మీదుగా వచ్చి, అవతల దిగాలి. అంటే కావలసింది చుట్టుకొలత. ఒక కాగితపు పట్టీని చాకు నడుము చుట్టూ బిగుతుగా చుట్టి, కలిసిన చోట గీత పెట్టండి. స్పార్టన్‌కి 75 మి.మీ. దరిదాపుల్లో వస్తుంది. కాగితానికి మందం లేదు, తోలుకి ఉంది. వంపు తిరిగేటప్పుడు తోలు లోపలి పొర నొక్కుకుంటుంది, బయటి పొర సాగుతుంది, మధ్య పొర పొడవు మారదు. ఆ మధ్య పొర లెక్కన చుట్టుకొలతకి తోలు మందాన్ని 3.14తో గుణించి కలపాలి. 2 మి.మీ. తోలుకి 6 మి.మీ. పైచిలుకు. మొత్తం 81, అందులో సగం 40.5. మడత నుంచి కుట్టు గీత దాకా ఉండాల్సిన వెడల్పు అదే.

ఇంత లెక్క వద్దనుకుంటే అడ్డదారి ఉంది. చాకు వెడల్పుకి మందం కలపండి: 26 + 15 = 41. గుండ్రటి మూలల వల్ల చుట్టుకొలత ఎంత తగ్గుతుందో, 2 మి.మీ. తోలు దాదాపు అంతే పెంచుతుంది కాబట్టి రెండు లెక్కలూ ఒకే చోటికి వస్తాయి. తోలు మందం మారితే ఈ అడ్డదారి తప్పుతుంది. 3 మి.మీ. తోలుతో ఒకటిన్నర మి.మీ. అదనంగా ఇవ్వాలి, 1.2 మి.మీ. తోలుతో ఒక మిల్లీమీటరు దాకా తగ్గించాలి.

వచ్చిన అంకెలోంచి ఇంకొక్క మిల్లీమీటరు తీసేయండి. తోలు వాడకంలో సాగుతుందే గానీ బిగుసుకోదు. మొదటి రోజు సుఖంగా జారే ఒర ఆరు నెలలకి వదులవుతుంది. మన చాకుకి 40 మి.మీ. దగ్గర కుట్టు గీత ఖాయం చేద్దాం. నోటి దగ్గర చివరి 10 మి.మీ.లో మాత్రం గీతని అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు బయటికి జరపాలి. గరాటు మూతిలా కొంచెం విచ్చుకుంటే చాకు తడుముకోకుండా దిగుతుంది, పట్టు నడుము దగ్గర ఉంటుంది.

లోతు సంగతి. చాకు పూర్తిగా మునిగిపోతే బయటికి తీయడానికి పట్టు దొరకదు. 15 మి.మీ. పైన కనిపించేలా వదిలితే రెండు వేళ్లతో లాగొచ్చు. తాళాల రింగు ఉన్న కొసని పైకి పెట్టండి. కింద పెడితే, చివర్లో ఒరని తడిపి ఒదిగించేటప్పుడు తోలు మీద ఆ రింగు బొడిపె తేలి, కుట్టుని కూడా పక్కకి తోస్తుంది. లోపల ఉండే భాగం 76 మి.మీ. అడుగున తోలు రెండు వైపుల నుంచీ వచ్చి కలవాలంటే సూత్రం ప్రకారం మందంలో సగం, అంటే 7 మి.మీ. పైచిలుకు కావాలి. కానీ ఈ చాకు కొసలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి 5 చాలు. నోటి నుంచి అడుగు కుట్టు దాకా 81.

చాకు మొత్తం లోపలే ఉండాలనుకుంటే ఆ 15 మి.మీ.ని లోతుకి కలిపి, నోటి అంచు మీద రెండు వైపులా రూపాయి బిళ్ల పెట్టి అర్ధచంద్రాకారంలో కోయాలి. బొటనవేలు, చూపుడువేలు అక్కడ దిగుతాయి. అందంగా ఉంటుంది, కానీ నోరు బలహీనపడి ముందు అక్కడే సాగుతుంది. జేబులో వేసుకునే ఒరకి పైన కాస్త వదిలేయడమే మేలు.

ఇప్పుడు అంచు. కుట్టు గీతకి బయట 4 మి.మీ. ఉండాలి. అంతకంటే తక్కువైతే కుట్టు బిగించేటప్పుడు రంధ్రం చిరిగి అంచులోకి పోతుంది, ఎక్కువైతే జేబులో రెక్కలా అడ్డుపడుతుంది. మడత మీద సగం 40 + 4 = 44, విప్పితే 88. ఎత్తు 81 + 4 = 85. కానీ కోసేటప్పుడు 95 × 90 ముక్క కోయండి. అతికించి, కుట్టిన తర్వాత అంచుని సరిచేస్తే రెండు పొరలూ ఒకే మట్టానికి వస్తాయి. ముందే ఖచ్చితంగా కోసిన రెండు అంచులు అతికించేటప్పుడు అర మిల్లీమీటరైనా తప్పకుండా కలవడం అరుదు.

అడుగు మూలలు రెండింటినీ చాకు కొస వంపుకి సమాంతరంగా గుండ్రం చేయాలి. మడత ఉన్న వైపు మూలని కూడా వదలకండి. ఆ మూలని చదరంగా వదిలితే తోలు అక్కడ ముడతపడి కుక్క చెవిలా పొడుచుకొస్తుంది, ఎంత తడిపి నొక్కినా లొంగదు. గుండ్రం చేస్తే కుట్టు అడుగుకి 10 మి.మీ. పైన, మడత మీదే మొదలై వంపు తిరిగి పక్కకి ఎక్కుతుంది.

ఈ నమూనాని ముందు పాత శుభలేఖ అట్ట మీద గీయండి. అట్టకి తోలంత మందం ఉండదు కాబట్టి దానితో పరీక్షించగలిగేది ఆకారం మాత్రమే, బిగుతు తెలియదు. బిగుతు చూడాలంటే ఇంట్లో పడి ఉన్న మందపాటి రెక్సిన్ ముక్కని కుట్టు గీత మీద స్టేప్లర్ పిన్నులతో పట్టించి, చాకు దింపి చూడండి. ఇది పది నిమిషాల పని. ఒకసారి నమూనా కుదిరితే దాని మీద చాకు పేరు, తోలు మందం రాసి దాచుకోవాలి. రెండో ఒరకి మళ్లీ కొలవక్కర్లేదు.

తోలు ఎంపిక

వెజ్ టాన్ తోలు తప్ప ఇంకేదీ వద్దు. చెట్ల బెరడు, కాయల్లోని టానిన్‌తో పదును చేసిన తోలు తడిపితే మట్టిలా లొంగి, ఆరాక ఆ ఆకారంలోనే నిలబడుతుంది. దక్షిణాదిలో ఈ పనికి పాతకాలం నుంచీ వాడింది తంగేడు చెక్క, కరక్కాయ. ఊరి చివర లందల్లో తోళ్లు నానబెట్టింది వీటి కషాయంలోనే. బతుకమ్మలో పేర్చే ఆ పసుపు పూల తంగేడే. తర్వాత వాటిల్ అనే తుమ్మ జాతి చెట్టు బెరడు సారం దాని స్థానం చాలావరకు ఆక్రమించింది. క్రోమియం లవణాలతో పదును చేసిన క్రోమ్ టాన్ తోలు మెత్తగా, రంగురంగులుగా, చవకగా దొరుకుతుంది. బ్యాగులకి, చెప్పుల పైభాగానికి బాగుంటుంది. తడిపి ఎంత ఒత్తినా ఆరాక మళ్లీ సంచిలా సాగిలపడుతుంది. దాంట్లో మిగిలిపోయే లవణాలు ఇనుముకీ ఇత్తడికీ మంచివి కావు.

దుకాణంలో ఏది ఏదో తేల్చుకోవడం కష్టం కాదు. కోసిన అంచు చూడండి. క్రోమ్ తోలుకి మధ్యలో నీలిబూడిద చార కనిపించొచ్చు, వెజ్ టాన్ లోపలంతా గోధుమ రంగు. రంగు వేయని చోట నీటి చుక్క వేస్తే వెజ్ టాన్ పీల్చుకుని ఆ మేర నల్లబడుతుంది, గోటితో నొక్కితే గుర్తు ఉండిపోతుంది. చెన్నై పెరియమేట్‌లో, కాన్పూర్‌లో జీను తోలు అమ్మేవాళ్ల దగ్గర తుక్కు ముక్కలు తూకానికో అడుగు లెక్కనో దొరుకుతాయి. మనకి కావలసింది చదరపు అడుగులో పదో వంతు కూడా కాదు. చెప్పుల అడుగుకి వాడే సోల్ తోలు వెజ్ టానే గానీ 4, 5 మి.మీ. మందం. దాంతో ఒర చేస్తే జేబులో ఇటుక పెట్టుకున్నట్టుంటుంది.

మందం 1.6 నుంచి 2 మి.మీ. అంతకంటే పల్చనైతే ఆకారం నిలవదు. ముక్క కోసే ముందు రెండు చేతులతో అటూ ఇటూ లాగి చూడండి, ఒక దిక్కున తక్కువ సాగుతుంది. ఆ దిక్కు ఒర నడుము చుట్టూ తిరిగేలా పెట్టాలి, అప్పుడు నోరు వదులవదు. పొట్ట భాగం తోలు చవక, తడిపితే మహా చక్కగా ఒదుగుతుంది, కానీ అంతే చక్కగా సాగిపోతుంది కూడా. వీపు, భుజం భాగాలు తీసుకోండి.

కుట్టే ముందే ముగించాల్సినవి

నోటి అంచు కుట్టాక చేతికి అందదు. కాబట్టి దాన్ని ముందే ముగించాలి. రెండు వైపులా కొస చెక్కి, 220, 400, 600 నంబర్ల గరుకు కాగితాలతో వరసగా రుద్ది, కొద్దిగా తడిపి, కర్రతోనో జీన్స్ గుడ్డతోనో మెరుపు వచ్చేదాకా రాయాలి.

లోపలి వైపు నూగుది ఇంకో సమస్య. వెజ్ టాన్ లోపలి ముఖం నుంచి పీచు రాలి చాకు కీళ్లలో, స్ప్రింగుల సందుల్లో చేరుతుంది. నూనె వేసిన కీలులో ఆ పీచు పడితే ముద్దలా తయారై బ్లేడు తెరుచుకోవడం బరువవుతుంది. టోకొనోల్ అనే తోలు నునుపు చేసే లేపనం గానీ, నీళ్లలో కలిపిన సీఎంసీ (కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్) పొడి గానీ పల్చగా రాసి, గాజు ముక్కతోనో గుండ్రటి సీసాతోనో నునుపు చేయాలి. అంచు నుంచి 5 మి.మీ. మేర మాత్రం రాయకూడదు. నునుపు చేసిన చోట జిగురు పట్టదు.

జిగురు అంటే తెల్ల ఫెవికాల్ కాదు. అది ఆరాక గట్టిపడుతుంది, పైగా మనం తర్వాత ఒరని నీళ్లలో ముంచబోతున్నాం. ఫెవికాల్ ఎస్ఆర్ 998 లాంటి రబ్బరు జిగురు కావాలి. రెండు ముఖాల మీదా 4 మి.మీ. పట్టీలా పల్చగా పూసి, వేలికి అంటుకోనంతగా ఆరనిచ్చి, అప్పుడు నొక్కాలి. తడిగా ఉండగానే కలిపితే పొరలు జారి మడత వంకర పోతుంది. మడిచే ముందు మడత గీత మీద లోపలి వైపు తడిగుడ్డ ఒకసారి రాస్తే పైపొర పగలదు.

కుట్టు

జామెట్రీ బాక్సులోని డివైడర్‌ని 4 మి.మీ.కి తెరిచి, స్క్రూ బిగించి, ఒక కాలు అంచు వెంట నడిపిస్తే కుట్టు గీత పడుతుంది. మనం అంచుని పెద్దగా కోశాం కాబట్టి ఈ గీతని ముందు నమూనా నుంచి గుచ్చి తోలు మీదికి దించుకుని, దాన్ని పట్టుకుని బయటికి 4 మి.మీ. కొలిచి అంచు కోయడం ఇంకా మంచిది. గీత నుంచి అంచు రావాలి, అంచు నుంచి గీత రాకూడదు.

రంధ్రాలకి 4 మి.మీ. దూరం ఉన్న పళ్ల ఉలి తేలిక. రెండు పొరల్లోంచి ఒకేసారి దిగేలా, నిటారుగా పట్టి కొట్టాలి. ఉలి కాస్త ఒరిగినా వెనక వైపు కుట్టు గీత ఒక మిల్లీమీటరు లోపలికో బయటికో వెళ్తుంది. లోపలికి వెళ్తే మనం అంత లెక్కేసి తీసిన మిల్లీమీటరు కాస్తా పోయినట్టే. ఉలి లేకపోతే తోలు గుచ్చే ఆరెతోనూ పని జరుగుతుంది. డివైడర్‌ని 4 మి.మీ.లో ఉంచి గీత మీద చుక్కలు పెట్టుకుని, ఒక్కొక్క చుక్క దగ్గర ఆరె గుచ్చడమే. మన చెప్పులు కుట్టేవాళ్లు ఆరె, తోలు కోసే రంపె తప్ప ఇంకేం లేకుండా ఇంతకంటే కష్టమైనవి కుట్టారు. గుండ్రటి మూలల దగ్గర నాలుగు పళ్ల ఉలి వంపు తిరగదు, రెండు పళ్లది వాడాలి.

కుట్టు పొడవు సుమారు 120 మి.మీ., అంటే 30 కుట్లు. 0.8 మి.మీ. మైనపు పాలిస్టర్ దారం, రెండు కొసలకీ మొద్దు మొన ఉన్న సూదులు. దారం కుట్టు పొడవుకి నాలుగు రెట్లు, సూదులు పట్టుకోవడానికి ఇంకో 30 సెం.మీ. లెక్క ప్రకారం 78, మీరు 90 సెం.మీ. కోయండి. చివర్లో దారం చాలకపోవడమంత చిరాకు ఈ పనిలో ఇంకోటి లేదు. ప్రతి రంధ్రంలోంచి రెండు సూదులూ ఎదురెదురుగా వెళ్లాలి. ముందు కుడి సూది అయితే ప్రతిసారీ కుడి సూదే ముందు, రెండోది ప్రతిసారీ దారానికి ఒకే పక్కన. ఈ వరస తప్పిన చోట కుట్టు వాలు మారి దూరం నుంచే కనిపిస్తుంది. మిషన్ కుట్టుకీ దీనికీ అసలు తేడా బలంలో ఉంది. మిషన్ కుట్టులో ఒక దారం తెగితే అక్కణ్నుంచి వరస ఊడిరావడం మొదలవుతుంది, దీంట్లో ఒకటి తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది.

నోటి దగ్గర అంచు మీదుగా రెండు చుట్లు వేయండి. చాకు దూర్చిన ప్రతిసారీ దెబ్బ తినేది ఆ కుట్టే. ముగింపులో మూడు రంధ్రాలు వెనక్కి కుట్టి, దారం దగ్గరగా కోసి, నిప్పుతో తాకించి, గోరుతో కాకుండా చల్లటి లోహంతో అద్దాలి. ఆ తర్వాత అంచులు రెండూ కలిపి గరుకు కాగితంతో మట్టం చేసి, కొసలు చెక్కాలి. మెరుపు పెట్టడం ఇప్పుడే వద్దు, తడిపాక మళ్లీ లేస్తుంది.

తడిపి ఒదిగించడం

చాకుని పల్చటి ప్లాస్టిక్ కవరులో రెండు చుట్లు చుట్టండి. ఇది చాకు తుప్పు పట్టకుండా మాత్రమే కాదు. టానిన్ ఉన్న తడి తోలుకి ఇనుము తగిలితే సిరాలాంటి నల్ల మరక పడుతుంది. పాతకాలపు సిరా తయారైంది ఆ రసాయన చర్యతోనే. మరక పడితే నిమ్మరసంలో నీళ్లు కలిపి రుద్ది, వెంటనే మంచినీళ్లతో కడిగితే చాలావరకు పోతుంది. ఇనుప స్కేలు, స్టేప్లర్ పిన్నులు, ఉలి మీది తుప్పు కూడా ఇదే పని చేస్తాయి.

గోరువెచ్చని నీళ్లలో ఒరని 15, 20 సెకన్లు ముంచి తీయండి. బుడగలు ఆగేదాకా నానబెడితే తోలు గుడ్డలా అయిపోయి కుట్టు రంధ్రాలు సాగుతాయి. పాలిథీన్ సంచిలో అరగంట పెట్టి, పైన రంగు కాస్త తేలికవడం మొదలయ్యాక చాకు దింపండి. బిగుతుగానే ఉంటుంది, కొద్దికొద్దిగా తోయాలి. వేళ్ల మెత్తటి భాగంతో చాకు అంచుల వెంట, కుట్టుకి లోపలి పక్కన ఒత్తుతూ రావాలి. ఉంగరం తీసేయండి, గోళ్లు కత్తిరించుకోండి. ఈ దశలో పడిన గోటి గుర్తు ఒర ఉన్నంత కాలం ఉంటుంది. చాకు పలకల మీది ప్రతి మెలికా తోలు మీద తేలాలన్న తాపత్రయం వద్దు. లోతుగా నొక్కిన ఒర చాకుని ఒక్క దిశలోనే రానిస్తుంది, తిప్పి పెడితే పట్టదు.

అరగంట, ముప్పావు గంటకి ఆకారం నిలబడుతుంది. అప్పుడు చాకు తీసేసి, ఒరని నీడలో, గాలి తగిలే చోట ఒక రోజంతా ఆరనివ్వాలి. ఎండలో పెట్టకండి, హెయిర్ డ్రయ్యర్ దగ్గరికి రానీయకండి. తడి వెజ్ టాన్ తోలు 70, 80 డిగ్రీల దగ్గర ముడుచుకుని పెళుసెక్కుతుంది, ఇక దాన్ని మళ్లీ సాగదీయలేం. మే నెలలో రాయలసీమ గాలికి అంచులు త్వరగా ఆరి నడుము తడిగా ఉండిపోవచ్చు, పైన పల్చటి గుడ్డ కప్పితే సమంగా ఆరుతుంది. వానాకాలంలో కాకినాడ, విశాఖ వైపు రెండు రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు, కానీ ఆ తడిని సంచిలో రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి బూజు.

పూర్తిగా ఆరాక అంచులకి మళ్లీ 400, 600 కాగితం, కొద్దిగా నీళ్లు, రుద్దుడు, చివరగా తేనె మైనం. పైన మైనం కలిపిన నూనె ముద్ద అతి పల్చగా ఒక్కసారి. కొబ్బరి నూనెలో, ఆముదంలో ముంచే అలవాటు చాలామందికి ఉంది. నూనె పీల్చిన తోలు మెత్తబడి, తడిపి నిలబెట్టిన ఆకారాన్ని వదిలేస్తుంది. రంగు వేయాలనుకుంటే మైనానికి ముందే వేయాలి.

సరిగ్గా కుదిరిందో లేదో చూడ్డానికి చాకు పెట్టి తలకిందులు చేసి ఒకసారి విదిలించండి. పడకూడదు. అలాగని లాగడానికి రెండు వేళ్లు చాలాలి, ఒరని రెండో చేత్తో గట్టిగా పట్టుకోవాల్సి వస్తే బిగుతెక్కువ. దానికి మందు సులువు. నోరు, నడుము మళ్లీ తడిపి, చాకుకి ఒక వైపు శుభలేఖ అట్ట ముక్క చేర్చి రాత్రంతా ఉంచితే అర మిల్లీమీటరు సాగుతుంది. వదులైతే కొంచెం కష్టం. తడిపి, చాకు లేకుండా ఆరనిస్తే కాస్త ముడుచుకోవచ్చు. అది చాలకపోతే 0.8 మి.మీ. మేక తోలు పట్టీ ఒకటి లోపల ఒక గోడకి అతికించాలి. తమిళనాడులో తయారై భౌగోళిక గుర్తింపు పొందిన ఈ.ఐ. (ఈస్ట్ ఇండియా) తోలు దీనికి బాగా సరిపోతుంది. కుట్టుకి లోపల రెండో వరస వేయడమూ ఒక దారే, కాకపోతే పాత వరస పక్కనే కొత్తది కనిపిస్తుంది. అతుకు వేసినట్టే ఉంటుంది.

ఒపినెల్ లాంటి కార్బన్ స్టీల్ చాకులకీ ఇదే పద్ధతి. వాటి పిడి గుండ్రంగా ఉంటుంది కాబట్టి వెడల్పుకి మందం కలిపే అడ్డదారి అక్కడ పనిచేయదు, పట్టీతో చుట్టుకొలత తీసుకోవాల్సిందే. ఆ చాకుల్ని ఒరలో నెలల తరబడి వదిలేయకండి. తోలు గాలిలోని తేమని పట్టి ఉంచుతుంది, దాంట్లో ఆమ్లం ఉంటుంది, బ్లేడు మీద చుక్కలు పడతాయి. ఇత్తడి భాగాలుంటే పచ్చటి చిలుము. జేబులో తిరిగినన్నాళ్లు ఒరలో, అలమారలో పెట్టేటప్పుడు విడిగా.